రాయగడ, పర్లాకిమిడి వైపు వికలాంగ ఉద్యోగులకు ఏ ఫిర్యాదు గుమ్మం పనికొస్తుంది?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు రైల్వేలోనో బడిలోనో పోస్టాఫీసులోనో పనిచేసే తెలుగువారు చాలామందే. వారిలో ఒకరికి చూపు తగ్గిందని పదోన్నతి ఆపేశారనుకోండి. లేదా కాలు పోయిందని కింది హోదాకు దించారు, ఏకంగా ఇంటికే పంపేశారు. అడగడానికి గుమ్మాలు లేకపోలేదు. ఆఫీసులోనే ఫిర్యాదుల అధికారి, కలెక్టరేటు దగ్గర జిల్లా కమిటీ, భువనేశ్వర్‌లో రాష్ట్ర కమిషనరు, ఢిల్లీలో ప్రధాన కమిషనరు, కటక్‌లో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అదే ఊళ్లో హైకోర్టు ఉన్నాయి. వీటన్నిటికీ చేయి పట్టుకు తీసుకెళ్లాల్సింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. ఈ సేవల్లో ఏది ఎన్నాళ్లకు పలుకుతుంది, ఏం ఇవ్వగలదు, ఎప్పటితో తలుపు మూసుకుంటుంది అన్నదే ఇక్కడ చూస్తున్నాం.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. దగ్గరగా, ఖర్చు లేకుండా ఉన్న గుమ్మాల దగ్గర కాచుక్కూర్చుంటే, దూరాన ఉన్న అసలు గుమ్మం ఈలోగా మూసుకుపోతుంది. కమిషనరుకు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన ట్రిబ్యునల్ గడువు ఆగదు. ఈ ఒక్క సంగతి తెలియక పోయిన కేసులు, బలం లేక పోయిన కేసులకంటే బాధపెడతాయి.

ఆఫీసులోని ఫిర్యాదుల అధికారి

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. దాని 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థ గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరును నియమించాలి. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో ఆయన విచారించాలి. ఫిర్యాదు విచారణకు ఇంత చిన్న గడువు ఇంకెక్కడా లేదు. అందుకే ఫిర్యాదు ఇక్కడ మొదలుపెట్టడం మంచిదే.

చిక్కు ఎక్కడంటే, రెండు వారాలు లెక్కపెట్టేది మీరు కాగితం ఇచ్చిన రోజు నుంచి కాదు, రిజిస్టరులో ఎక్కిన రోజు నుంచి. కాగితం టేబుల్ మీద నెలరోజులు పడి ఉంటే గడువు మొదలే కాలేదంటారు. కాబట్టి ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు పట్టుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకుని, రిజిస్టరు నంబరు అదే చోట రాయించుకోవాలి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటరు దగ్గర రిజిస్ట్రేషన్ కూడా కావాలని అడిగి చేయించుకోవాలి. ట్రాకింగ్‌లో అందినట్టు కనపడగానే ఆ పేజీ ప్రింటు తీసి రసీదుతో కలిపి కుట్టేయండి. ఆ వివరం వెబ్‌సైటులో ఎల్లకాలం ఉండదు.

అర్జీ ఒక పేజీ దాటనక్కర్లేదు. ఏ తేదీన ఏం జరిగింది, మీరేం అడిగారు, ఎప్పుడు అడిగారు, ఏమన్నారు అన్న నాలుగూ ఉంటే చాలు. ‘నాకు న్యాయం చేయండి’ అని రాస్తే విచారించడానికి అందులో ఏమీ ఉండదు. ‘కంప్యూటరులో తెర చదివే సాఫ్ట్‌వేరు కావాలని మార్చి 3న అడిగాను, జవాబు లేదు’, ‘కింది అంతస్తులో సీటు అడిగాను, కుదరదన్నారు’ అని రాస్తే అది నేరుగా 20వ సెక్షన్ కిందికి వస్తుంది. సహేతుకమైన సదుపాయం నిరాకరించడం కూడా వివక్షేనని చట్టం 2వ సెక్షన్‌లోనే చెప్పింది. వైకల్యం 40 శాతం దాటితేనే ఈ హక్కు అని చాలా ఆఫీసుల్లో అంటుంటారు. అది తప్పు. 40 శాతం లెక్క రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకే. సదుపాయం అడగడానికి ఆ గీత అడ్డు కాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది.

భాష గురించి మనవాళ్లు వెనకాడతారు. ఒడియా రాయడం రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వాధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులో రాసిచ్చినా తీసుకోవాలి. అయినా కింద ఇంగ్లీషులో నాలుగు వాక్యాల సారాంశం జతచేస్తే పని తొందరగా కదులుతుంది. హక్కు ఉందని పంతానికి పోయి రోజులు పోగొట్టుకోకండి.

అసలు మీ ఆఫీసులో ఆ అధికారి ఉన్నారో లేదో తెలియకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలతో దరఖాస్తు వేయండి. అధికారి పేరు, నియామక తేదీ, 21వ సెక్షన్ కింద సంస్థ ప్రకటించాల్సిన సమాన అవకాశాల విధానం ప్రతి, ఈ మూడూ అడగండి. జవాబుకు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. విధానం లేదని రాతపూర్వకంగా జవాబొస్తే, ఆ కాగితం తర్వాత ట్రిబ్యునల్లో బాగా పనికొస్తుంది.

ఫిర్యాదుల అధికారి చేసినదానితో తృప్తి లేకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చని అదే సెక్షన్ చెబుతుంది. కమిటీ ఇన్ని రోజుల్లో తేల్చాలన్న లెక్క మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. ఒక కాగితం పెట్టి రసీదు తెచ్చుకోండి, అంతకుమించి ఎదురుచూడకండి.

కమిషనరు కార్యాలయాలు

ఒడిశా ప్రభుత్వోద్యోగి అయితే భువనేశ్వర్‌లోని రాష్ట్ర కమిషనరు, రైల్వే, పోస్టాఫీసు, జాతీయ బ్యాంకు లాంటివైతే ఢిల్లీలోని ప్రధాన కమిషనరు. తప్పు చోట వేస్తే మళ్లీ మొదటికి. ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఫలానా రోజులోగా ఫిర్యాదు వేయాలన్న చివరి తేదీ చట్టంలో లేదు. అదే దీని ఆకర్షణ, అదే దీని ప్రమాదం కూడా.

2017 కేంద్ర నిబంధనల ప్రకారం ప్రధాన కమిషనరు ఫిర్యాదు ప్రతిని సంస్థకు పంపి 30 రోజుల్లో జవాబు అడుగుతారు, కావాలంటే మరో 15 రోజులు ఇవ్వొచ్చు. నోటీసు అందిన మూడు నెలల్లో వీలైనంతవరకు తేల్చాలి. ‘వీలైనంతవరకు’ అన్న మాట అందులోనే ఉంది. ఆ తర్వాత వచ్చేది సిఫారసు. దాని మీద చర్య తీసుకుని తెలియజేయడానికో, ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పడానికో సంస్థకు చట్టం ఇంకో మూడు నెలలిస్తుంది. అన్నీ సకాలంలో జరిగినా ఆరేడు నెలలు గడిచిపోతాయి. విచారణకు పిలిచిన రోజు మీరు వెళ్లకపోతే ఫిర్యాదు కొట్టేసే వీలుంది, కాబట్టి నోటీసు వచ్చే చిరునామా, ఫోను నంబరు మార్చకండి.

సాక్షుల్ని, కాగితాల్ని రప్పించడంలో కమిషనరుకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఆర్డరును ఆపే అధికారం లేదు. పాత 1995 చట్టం కింద ఒక బ్యాంకు ఉద్యోగి పదవీ విరమణను ఆపిన సందర్భంలో, కమిషనరు అలాంటి మధ్యంతర ఉత్తర్వులివ్వలేరని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. రేపో ఎల్లుండో రిలీవ్ చేస్తారన్న పరిస్థితిలో ఈ గుమ్మం పనికిరాదు. సదుపాయాలు, ర్యాంపు, సాఫ్ట్‌వేరు, ప్రకటించని విధానం, తేల్చని పదోన్నతి జాబితా లాంటివాటికి మాత్రం ఇది చాలా మంచి సేవ. సంస్థ ఇచ్చే లిఖిత జవాబే సగం విజయం. ఏ కారణంతో మీకు కాదన్నారో తొలిసారి కాగితం మీదకొచ్చేది అప్పుడే.

కటక్ ట్రిబ్యునల్

కేంద్ర ప్రభుత్వోద్యోగికి అసలు తీర్పు దొరికేది ఇక్కడే. ఫీజు 50 రూపాయలు. స్టే ఇవ్వగలదు, ఆర్డరు కొట్టేయగలదు, బకాయిలు ఇప్పించగలదు. దీని గడువుల్ని వేళ్ల మీద పెట్టుకోవాలి.

1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసు నిబంధనల్లో ఉన్న అప్పీలు దారిని ముందు వాడాలి. 21వ సెక్షన్ ప్రకారం తుది ఆర్డరు వచ్చిన నాటి నుంచి ఏడాదిలోగా ట్రిబ్యునల్లో వేయాలి. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆ ఆరు నెలలు ముగిసిన రోజు నుంచి ఏడాది.

లెక్క ఇలా ఉంటుంది. ఒక రైల్వే ఉద్యోగిని శిక్షగా కింది హోదాకు దించుతూ ఇచ్చిన ఆర్డరు 2026 జనవరి 12న చేతికందింది. రైల్వే క్రమశిక్షణ నిబంధనల్లో అప్పీలుకు 45 రోజులే, అంటే ఫిబ్రవరి 26 దాటకూడదు. చాలామంది తప్పిపోయే మొదటి గడువు ఇదే. ఏడాది ఉందిలే అనుకుని ఈ 45 రోజుల్ని వదిలేస్తారు. ఫిబ్రవరి 2న అప్పీలు పెట్టారనుకుందాం. మే 20న తిరస్కరిస్తే 2027 మే 20 లోగా ట్రిబ్యునల్లో ఉండాలి. జవాబే రాకపోతే ఆగస్టు 2తో ఆరు నెలలు ముగుస్తాయి, 2027 ఆగస్టు 2 ఆఖరి రోజు. ఆఖరి రోజు ఆఫీసు సెలవైతే మర్నాడు వేయొచ్చన్నది నిజమే గానీ దాన్ని నమ్ముకుని పథకం వేయకండి. కనీసం ఆరు వారాల ముందే కాగితాలు కటక్ చేరాలి. ఎందుకంటే రిజిస్ట్రీ, అంటే ట్రిబ్యునల్లో కాగితాలు తీసుకునే కార్యాలయం, లోపాలు చూపించి వెనక్కిస్తుంది. మసకగా ఉన్న జిరాక్సు, ఒడియా కాగితానికి ఇంగ్లీషు అనువాదం లేకపోవడం, ప్రతివాదుల హోదాలు తప్పు రాయడం లాంటివి మామూలుగా దొర్లే తప్పులు.

మరో పెద్ద తప్పు, మళ్లీ మళ్లీ వినతిపత్రాలు ఇస్తూ పోవడం. పదిసార్లు రాస్తే పదోసారి నుంచి లెక్క మొదలవుతుందనుకుంటారు. మొదలవదు. నిబంధనల్లో లేని వినతులు పదేపదే పెట్టినంత మాత్రాన గడువు పెరగదని 1989లోనే ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఎప్పుడో చచ్చిపోయిన క్లెయిముకు అధికారి ఇప్పుడొక జవాబు ఇచ్చినా అది మళ్లీ బతకదని 2008లో ఇంకో తీర్పు వచ్చింది. ‘పెద్దసారు చూస్తానన్నారు’ అన్న నోటిమాటకైతే చట్టంలో చోటే లేదు.

గడువు దాటిపోతే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆలస్యం మన్నించమని విడిగా దరఖాస్తు, దానితో ప్రమాణపత్రం వేయాలి. ‘ఆరోగ్యం బాగోలేదు’ అన్న ఒక్క ముక్క సరిపోదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ ఆసుపత్రిలో ఉన్నారు, డిశ్చార్జి కాగితం ఏది, మిగిలిన రోజులు ఎందుకు పోయాయి అన్నది వరసగా చెప్పాలి. కమిషనరు దగ్గర కేసు నడుస్తోందన్నది కారణంగా చెప్పుకోవచ్చు, ఒప్పుకుంటారన్న హామీ లేదు.

నెలనెలా జీతంలోనో పింఛనులోనో కోత పడుతుంటే అది కొనసాగే అన్యాయం, ప్రతి నెలా కొత్తగా పుడుతుంది. వైకల్యంతో సైన్యం నుంచి బయటికొచ్చిన ఒకాయన పదహారేళ్లు ఆలస్యంగా పింఛను అడిగితే, సుప్రీంకోర్టు 2008లో పింఛను హక్కును కాదనలేదు, బకాయిని మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే ఆలస్యానికి ధర డబ్బు రూపంలో చెల్లించాల్సిందే. పదోన్నతి, తొలగింపు లాంటి ఒక్కసారి జరిగే దెబ్బలకు ఈ సూత్రం వర్తించదు.

ఏ బెంచి అన్నది సరిహద్దు వాళ్లకు ప్రత్యేకమైన ప్రశ్న. ఇల్లు ఎక్కడుందన్నది కాదు, పోస్టింగు ఎక్కడుంది, సంగతి ఎక్కడ జరిగింది అన్నదే చూస్తారు. రాయగడలో పనిచేస్తూ పార్వతీపురంలో కాపురముంటే కటక్ బెంచే. పలాసలో పోస్టింగైతే హైదరాబాద్. కానీ రిటైరైనవారు, తొలగించబడినవారు తాము నివసించే చోటి బెంచిలో వేసుకోవచ్చు. రాయగడలో ఉద్యోగం పోయి పార్వతీపురం వచ్చేసినవారికి హైదరాబాద్ అందుబాటులోకి వస్తుంది, వాదన తెలుగు వకీలుతో మాట్లాడుకోవచ్చు. ఈ వెసులుబాటు ఉందని తెలియక హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని భువనేశ్వర్ దిగి కటక్ వెళ్లనక్కర్లేదు. సదరం ధ్రువపత్రం ఆంధ్రాలో తీసుకున్నది కదా ఒడిశాలో చెల్లుతుందా అన్న అనుమానమూ అక్కర్లేదు. వికలాంగుల హక్కుల చట్టం 58వ సెక్షన్ ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. తాత్కాలిక ధ్రువపత్రమైతే దాని గడువు తేదీ మాత్రం కేసు వేసేలోగా ఒకసారి చూసుకోండి.

ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు తమ సంస్థ ట్రిబ్యునల్ పరిధిలోకి నోటిఫై అయిందో లేదో ముందు కనుక్కోవాలి. కాకపోతే హైకోర్టే.

హైకోర్టు

ఒడిశా పరిపాలనా ట్రిబ్యునల్‌ను 2019 ఆగస్టులో రద్దు చేశారు, 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. అందుచేత ఒడిశా ప్రభుత్వ టీచరు, గుమాస్తా, ఆరోగ్య కార్యకర్త ఇప్పుడు కటక్ హైకోర్టులో రిట్ వేయాలి. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు ఆంధ్రా ఉద్యోగులకు అమరావతి హైకోర్టు. రిట్‌కు రోజుల లెక్క రాసిలేదు గానీ అకారణ ఆలస్యాన్ని కోర్టు క్షమించదు. ఇక్కడా ఏడాదే గడువనుకుని నడుచుకోవడం క్షేమం. వికలాంగుడైన ఉద్యోగిని పంపేసే ముందు వేరే పోస్టు వెతకాల్సిన బాధ్యత యజమానిదేనని తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ వాదనలకు ఇప్పుడు గట్టి ఆసరా. ప్రభుత్వ సంస్థల విషయంలో వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కూడా అదే అంటుంది. తగిన పోస్టు లేకపోతే అదనపు పోస్టులోనైనా అదే జీతంతో ఉంచాలి.

ప్రైవేటు కర్మాగారంలో పనిచేసేవారికి 20వ సెక్షన్ నేరుగా అందదు. 20 మంది, అంతకుమించి ఉన్న సంస్థ సమాన అవకాశాల విధానం రాసుకోవాలి, లైజన్ అధికారిని పెట్టుకోవాలి. 2025 నవంబరు 21 నుంచి అమలైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కార్మికుడు సంస్థలోని గ్రీవెన్స్ కమిటీకి ఏడాదిలోగా ఫిర్యాదివ్వాలి. కమిటీకి 30 రోజులు. ఆ తర్వాత 60 రోజుల్లోగా యూనియన్ ద్వారా, రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారి దగ్గరికి.

అమెరికాలో ఉన్న బంధువుల మాట విని పొరబడకండి. అక్కడ ముందు సమాన ఉపాధి కమిషన్‌కు 180 రోజుల్లో, కొన్ని రాష్ట్రాల్లో 300 రోజుల్లో ఫిర్యాదు ఇవ్వాలి, వారి లేఖ అందాక 90 రోజుల్లో దావా వేయాలి. కమిషన్ గుమ్మం తొక్కాకే కోర్టు. మన దగ్గర కమిషనరు, ట్రిబ్యునల్ రెండూ వేర్వేరు పట్టాల మీద నడిచే బళ్లు.

ఉచిత న్యాయ సేవ

అన్నిటికంటే ముందు తొక్కాల్సిన గుమ్మం జిల్లా న్యాయ సేవాధికార సంస్థేనన్నది మా గట్టి అభిప్రాయం. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకు ఆదాయంతో పనిలేదు, నెలకు లక్ష జీతమున్నా ఉచిత న్యాయ సహాయం హక్కు. వకీలు ఫీజు, కోర్టు ఫీజుతో పాటు కాగితాల అనువాదం, ప్రింటింగు ఖర్చు కూడా సేవలో భాగమే. ఒడియా ఆర్డరును ఇంగ్లీషులోకి మార్చడానికి వేలు పోసేవారు దీన్ని అడగనే అడగరు. ట్రిబ్యునల్ కేసులకూ వర్తిస్తుంది. దరఖాస్తు మీద ఏడు రోజుల్లోగా నిర్ణయం చెప్పాలన్నది వారి నిబంధన.

జిల్లా కోర్టు ప్రాంగణాల్లో ఫ్రంట్ ఆఫీసు ఉంటుంది. కోరాపుట్ జిల్లాకు జిల్లా కోర్టు జయపురంలో ఉందని గుర్తుంచుకోండి, కోరాపుట్ వెళ్లి తిరిగి రావద్దు. మెట్లెక్కలేనివారు 15100కు ఫోను చేయొచ్చు. సలహా మాత్రమే కావాలంటే టెలీ-లా 14454 ఉంది, కేసు వేయడం దాని పని కాదు.

లోపం కూడా చెప్పాలి. జిల్లా ప్యానెల్ వకీళ్లలో భూమి, కుటుంబం, క్రిమినల్ కేసులవారే ఎక్కువగా ఉంటారు. సర్వీసు వ్యవహారాలు చూసే వకీలు కావాలని, గడువు ఫలానా తేదీతో ముగుస్తుందని దరఖాస్తు మొదటి వాక్యంలోనే రాయండి. కేసు కటక్‌కు వెళ్లాల్సిందైతే ఫైలు జిల్లా నుంచి అక్కడి కమిటీకి చేరడానికే రోజులు పడతాయి. అందుకే ఆఖరి నెలలో ఈ గుమ్మం ఎక్కితే సాయం చేసేవారికి కూడా చేతులు కట్టేసినట్టే. ఆర్డరు అందిన మొదటి నెలలో వెళ్తే ఇంత మంచి సేవ ఇంకోటి లేదు.

తీసుకెళ్లాల్సినవి ఇవి. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆధార్ నకళ్లు, ఆర్డరు, అది అందిన కవరు. కవరు మీది తపాలా ముద్రే మీకు ఎప్పుడు చేరిందో చెప్పే సాక్ష్యం, చింపి పారేయకండి. ముద్రపడిన అర్జీలు, స్పీడ్ పోస్టు రసీదులు, పదోన్నతి గొడవైతే సీనియారిటీ జాబితా. వీటి మీద ఒక తెల్లకాగితంలో తేదీ, ఏం జరిగింది, ఏ కాగితం అన్న మూడు గళ్ల పట్టిక. ఆ పట్టిక చివరి వరసలో ట్రిబ్యునల్ ఆఖరి తేదీని ఎర్రసిరాతో రాసి ఇవ్వండి. ఫైలు ఎన్ని చేతులు మారినా అది ముందు కనపడాలి.